కత్తిరించని గుడ్డ

ఏటా ఆగస్టు ఆఖరి వారంలో
ముందు గుమ్మంలో చేతికర్ర చప్పుడు,
తరవాత దగ్గు,
ఆ తరవాత అనక్లేతో.

చంకలో పాత పేపరు చుట్టిన పొట్లం.
విప్పితే కలరా ఉండల వాసన,
అరవై ఏళ్ళు దాటిన ఆకుపచ్చ కోటు.
"జుల్మీరా, ఇది మళ్ళీ పెద్దదయింది" అంటాడు.
ఒళ్ళు తగ్గిందని ఒక్కసారీ అనడు.
తప్పంతా కోటుదే.

టేపు తీస్తాను.
ఛాతీ ముప్పై నాలుగు. పోయినేడు ముప్పై అయిదున్నర.
మా నాన్న నోటుబుక్కులో, ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడు
మొదటి కొలత: ముప్పై ఎనిమిది.
పక్కనే నాన్న చేతిరాత: ‘డబ్బు తీసుకోలేదు.’
నేనూ తీసుకోను.
అనక్లేతో మాత్రం నాలుగు కోడిగుడ్లు బల్ల మీద పెట్టి
నేను చూడనట్టు నటించేదాకా ఆగుతాడు.

బ్రెజిల్ నుంచి మనవాళ్ళు ఓడెక్కి
ఇటలీలో పోరాడారని
ఈ మినాస్ కొండల్లోనే సగం మందికి తెలియదు.
కాఫీ తోటల్లో, గనుల్లో పెరిగిన కుర్రాళ్ళు.
మొదటిసారి మంచు కురిసిన పొద్దున
కందకంలోంచి చెయ్యి చాచి
కాస్త తీసుకుని నాలిక మీద వేసుకున్నాడట.
"తియ్యగా ఉంటుందనుకున్నా."
యుద్ధం గురించి చాన్నాళ్ళు
నాకు చెప్పింది ఆ ఒక్క ముక్కే.

బడిపిల్లలు అడుగుతారు, ఎంతమందిని చంపావు తాతా అని.
చెవిలో మిషను సరిచేసుకుంటాడు,
వినపడలేదన్నట్టు.

కోటుకి ఎడమ మోచేతి దగ్గర ఒక చిరుగు,
దాని మీద ఎవరో వేసిన కుట్టు.
ఆకుపచ్చ గుడ్డ మీద నీలం దారం.
మొదటి ఏడు అది విప్పబోయాను.
నా మణికట్టు పట్టుకున్నాడు.
ఎనభై దాటిన చెయ్యి. అయినా నొప్పి పుట్టింది.
"అక్కడొక ముసలామె కుట్టింది.
కొడుకు చొక్కాలోంచి లాగిన దారం."
ఆ కొడుకు ఎవరి పక్షాన పోరాడాడో
ఆవిడ చెప్పలేదు,
ఈయన అడగలేదు.

మూడేళ్ళ కిందట, ముసురు పట్టి కరెంటు పోయినప్పుడు
చీకట్లో చెప్పాడు.

బూట్లు తడిస్తే కాలివేళ్ళు నల్లబడతాయి.
లోపల ఎండుగడ్డి కూరుకోమని నేర్పినవాడు దెయోక్లేసియో,
ఆవుల మధ్య పెరిగినవాడు.
గడ్డివాము పొలానికి అవతల.
"నువ్వు పడుకో, ఇద్దరికీ నేనే తెస్తా."
పొలంలో ఏం పాతిపెట్టారో ఎవరికి తెలుసు.
చప్పుడు విని ఈయన పరుగెత్తాడు,
ముళ్ళతీగ మోచేతిని పట్టి లాగింది.
తెల్లారాక చూస్తే
గడ్డి పొలమంతా చెదిరి ఉందట.
అక్కడక్కడ పొడిగానే ఉందట.

"ఏరుకున్నాను జుల్మీరా.
బూట్లలో పెట్టుకున్నాను.
నా పది వేళ్ళూ ఉన్నాయి చూడు."

కరెంటు వచ్చింది. ఇద్దరం కళ్ళు చిట్లించుకున్నాం.
సూదిలో దారం
మూడోసారికి గానీ ఎక్కలేదు.

ఈ ఏడు పొట్లం కూతురు తెచ్చింది.
"మంచం దిగలేడు. అయినా ఊరేగింపులో జీపు ఎక్కుతానంటాడు."
కొలతలు మందుల చీటీ వెనక రాసి ఉన్నాయి.
ఛాతీ ముప్పై ఒకటి.
పోయినేడు జీపులో ఇద్దరుండేవారు.

కోటు తిరగేశాను.
మా నాన్న కత్తెర పెట్టలేదు, నేనూ పెట్టలేదు.
తగ్గించిన ప్రతి అంగుళం లోపలికి మడిచి కుట్టాం.
చంకల కింద మడత మీద మడత,
వేలెడు మందం,
సూది దిగడం లేదు.
ఓడెక్కిన కుర్రాడు ఎక్కడికీ పోలేదు,
కుట్టు వెనక నక్కి ఉన్నాడు.
"ఇన్ని మడతలెందుకు, కత్తిరించెయ్యరాదూ" అంది కూతురు.
గోనెసంచులు కుట్టే సూది వెతికి తీశాను.

ఆమె వెళ్ళాక చూశాను,
బల్ల చివర చిన్న బుట్ట.
నాలుగు గుడ్లు.
దారిలో పగలకుండా
ఒక్కొక్కదాన్నీ
ఎండుగడ్డిలో చుట్టి పంపాడు.